భుజానికి అందని బరువు

ఆదివారం పొద్దున్నే తిరుపతిలో బస్సెక్కితే ఎండ ముదరకముందే చిత్తూరులో దిగుతాను. బస్టాండు నుంచి మా ఇంటికి పోవాలంటే మా నాన్న అంగడి దాటాలి. నాన్న అంగడి దాటాలంటే ముందు దాని పక్కనున్న బెల్లం మండీ దాటాలి. మండీ దాటాలంటే బెల్లం మామకు ఒక ఇంగ్లీషు మాట కట్టాలి. అది సుంకం. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేరిన కొత్తలో సరదాగా మొదలైన వసూలు అది. ఏళ్ళు గడిచినా ఆయన ఒక్క వారం కూడా మాఫీ చేయలేదు.

“ఏం మాట తెచ్చినావు అమ్మణ్ణీ?” అనేవాడు, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే.

అర్థం చెబితే ఒప్పుకునేవాడు కాదు. “అర్థం నా సెల్లు కూడా సెప్తాది. పగలగొట్టి లోపల సూపించు,” అనేవాడు. అది ఆయన వ్యాపారం నేర్పిన అలవాటు. బెల్లం దిమ్మ పైకి బంగారు రంగులో మెరుస్తూ ఉన్నా లోపల నల్లగా, ఇసుకతో ఉండవచ్చు. అందుకే మండీలో కొనేవాడు ముందు ఒక మూల పగలగొడతాడు. లోపలి రంగు చూసి, ఒక పలుకు నోట్లో వేసుకుని, అప్పుడు గానీ ధర ఎత్తడు. మాటలను కూడా ఆయన అట్లాగే కొనేవాడు. నచ్చితే చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టి పొమ్మనేవాడు. నచ్చకపోతే కూడా పెట్టేవాడు గానీ ముఖం చిట్లించేవాడు.

బెల్లం మామ తాటిచెట్టంత మనిషి. సొంత అంగడి గుమ్మంలోకి కూడా తల వంచి పోవాల్సి వచ్చేది. మా నాన్న ఎంత పొట్టి అంటే, ఆయనకు జీవితంలో ఏ గుమ్మం దగ్గరా తల వంచే పని పడలేదు. ఆయన రేకు పని చేస్తాడు. ఒకప్పుడు హాస్టళ్ళకు పోయే పిల్లలకీ కొత్త పెళ్ళికూతుళ్ళకీ ట్రంకు పెట్టెలు చేసి, పూలు గీసి, పక్కన ఆరబెట్టేవాడు. ఇప్పుడు ట్రంకు పెట్టె అడిగేవాళ్ళు లేరు గనక గరాటులు, డబ్బాలు, బిరడా మూతలు చేస్తాడు. రెండు అంగళ్ళకూ మధ్య ఒకటే గోడ. గోడకు ఆనించి ఒకటే బల్ల. ఆ బల్ల మీద పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇద్దరూ కూర్చుని టీ తాగడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది.

మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, గడప దాటితే తెలుగు. ఇంట్లో నేను నాన్నను అబ్బా అంటాను. బెల్లం మామ కూడా మా నాన్నను “ఏందబ్బా”, “రాబ్బా” అని పిలిచేవాడు, మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునేటట్టు. చిన్నప్పుడు ఇంత పెద్ద మనిషి కూడా మా నాన్న పిల్లాడే కాబోలు అనుకుని, నాకు రావలసిన చాక్లెట్లలో ఆయనకు వాటా పోతుందని చాలా బెంగపడ్డాను. నాన్న ఆయన్ను అన్నా అంటాడు, నేనేమో మామా అంటాను. వరసలు కుదరవని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక వాళ్ళిద్దరి మధ్య నడిచిన పాత తగాదా ఒకటి చెప్పాలి. తగాదా అనడం పెద్ద మాట. ఎగతాళి.

మాలో ఎవరైనా పోతే జనాజా మంచాన్ని భుజాల మీద ఎత్తుకుని కబరస్తానుకు తీసుకుపోతారు. మోసేవాళ్ళు నలుగురే అని లెక్క ఉండదు. దారిలో చూసినవాడు, పోయిన మనిషి తెలిసినా తెలియకపోయినా, పరుగున వచ్చి కొన్ని అడుగులు భుజం ఇస్తాడు. వెనకవాళ్ళు ముందుకు వస్తుంటారు, ముందువాళ్ళు పక్కకు తప్పుకుంటుంటారు. కింద మనుషులు మారిపోతుంటారు, పైన మంచం మాత్రం ఆగకుండా సాగిపోతూ ఉంటుంది. నాన్న అంగడి సరిగ్గా ఆ దారిలోనే ఉంది. దూరం నుంచి, జనాజా వెంట చదివే కల్మా వినబడితే చాలు, సుత్తి కింద పడేసి, భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ పరుగెత్తేవాడు. హిందువుల పాడె పోతున్నా, పోయినవాళ్ళు తెలిసినవాళ్ళయితే, మోసేవాళ్ళను అడిగి కాస్త దూరం నడిచేవాడు.

చిక్కల్లా ఆయన పొడుగుతోనే. కిందికి దూరేవాడు గానీ బరువు ఆయనకు అందేది కాదు. అటూ ఇటూ పొడుగాటి మనుషుల భుజాల మీద మంచం కర్ర పోతుంటే, మా నాన్న మధ్యలో చెయ్యి పైకెత్తి, అరచేత్తో దాన్ని తాకుతూ నడిచేవాడు. కర్రకూ భుజానికీ మధ్య ఖాళీ పూడ్చడానికి తువ్వాలును మడతల మీద మడతలు పెట్టి భుజాన వేసుకునేవాడు. అప్పటికీ అందేది కాదు.

బెల్లం మామ మండీలో నుంచి ఇదంతా చూసి, నాన్న తిరిగి రాగానే అందుకునేవాడు.

“మోసినావా సాయిబూ?”

“మోసినానన్నా.”

“యాడ మోసినావబ్బా! బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు పట్టుకొని పోయినావు. నీ తువ్వాలు మోసుంటాది, నువ్వు మొయ్యలా.”

“నీకేం తెలుసు? చెయ్యి తగిలినా సాలు, లెక్కే.”

“ఇంగో రెండు పరుపులు వేసుకో భుజాన. అప్పుడన్నా అందుతాదేమో.”

నాన్న నవ్వేవాడు. కానీ నవ్వు అయిపోయాక తువ్వాలు విప్పి దులిపి మడతపెట్టే తీరులో చిన్న చిన్నబోవడం కనిపించేది. అది నేనూ, మా అమ్మా తప్ప ఎవరూ చూసి ఉండరని అనుకునేదాన్ని. మామ కూడా చూసేవాడని తర్వాత తెలిసింది.

మామకు నేను కట్టిన మాటల్లో చివరి పెద్ద మాట ‘సఫర్’.

దాన్ని నేను వెతుక్కుంటూ పోలేదు. క్లాసులో ఒక కథ చెబుతున్నాను. అందులో ఒక ఆమె నోరెత్తకుండా ‘సఫర్’ అయిందని ఒక వాక్యం. బాధపడింది అని చెప్పి ముందుకు పోతున్నాను. నగరి నుంచి రోజూ వచ్చి పోయే ఒక అమ్మాయి లేచింది. “మేడం, బాధపడటమంటే ఏడవటమా? మా అమ్మ పవర్‌లూము కాడ పొద్దస్తమానం నిలబడతాది. కాళ్ళు వాస్తాయి. కానీ ఏడవదు, ఏమీ అనదు. ఆమెను కూడా ఈ మాట అనొచ్చా?” అంది. అనవచ్చు అన్నాను. కానీ నా జవాబు నాకే నచ్చలేదు. గైడు పుస్తకాల వాళ్ళు ఒక మాటకు ఒక అర్థం అచ్చేసి చేతులు దులుపుకుంటారు. వాట్సాప్‌లో తిరిగే వాళ్ళయితే ప్రతి ఇంగ్లీషు మాటా మన దగ్గరి నుంచే పోయిందని నిద్రలేపి మరీ చెబుతారు. రెండు జాతులన్నా నాకు ఒళ్ళుమంట. ఆ సాయంత్రం లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి కూర్చున్నాను.

ఆదివారం మామ అడిగాడు. “సఫర్,” అన్నాను.

నాన్న గోడవతల నుంచి ఉర్దూలో అరిచాడు, “ప్రయాణమా?” అని. ఉర్దూలో ఆ శబ్దానికి ప్రయాణమని అర్థం. ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ పాత జోకు విని విని నా చెవులు తుప్పు పట్టాయి. “కాదు అబ్బా, బాధపడటం,” అని గట్టిగా చెప్పి నోరు మూయించాను. ఆయన రేకు ముక్క చేతిలో పట్టుకునే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

“సరే, పగలగొట్టు,” అన్నాడు మామ.

చెప్పాను. ఇది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన మాట. రెండు ముక్కలు. మొదటి ముక్క ‘సబ్’, అంటే కింద. రెండోది ‘ఫెర్రే’, అంటే మోయడం. కిందుండి మోయడం, అంతే. ఏడుపు లేదు, గాయం లేదు, నెత్తురు లేదు. ఎవరో ఒకరు ఒక బరువు కింద నిలబడి ఉన్నారు, ఇంకా పడిపోలేదు. ఆ మాట పుట్టినప్పటి బొమ్మ అది. పాత ఇంగ్లీషు రచనల్లో అదే మాటకు ఓర్చుకోవడం, పోనీలే అని రానివ్వడం అనే అర్థాలు కూడా ఉండేవి.

మామ కళ్ళు సగం మూశాడు. బెల్లం నోట్లో వేసుకున్నప్పుడు కూడా అట్లాగే ఉండేవాడు.

“మనమేమో పడతామే,” అన్నాడు. “బాధపడతాం, కష్టపడతాం, ఇబ్బంది పడతాం. అన్నీ పడేదే. వాళ్ళు మోస్తారా?”

“మనమూ మోస్తాం మామా,” అన్నాను. ఆ భాగం చెప్పాలని బస్సులో కూర్చున్నప్పటి నుంచీ నా నాలుక దురద పెడుతూనే ఉంది. “భరించడం అంటాం కదా. భారం, భరించడం. ఆ ‘భర’, లాటిన్ ‘ఫెర్రే’ ఒక తల్లి పిల్లలే. ఎప్పుడో విడిపోయి ఒకటి అటు పోయింది, ఒకటి ఇటు వచ్చింది. ఇది వాట్సాపు కత కాదు, నిజంగా నిజం.”

నాన్న తలెత్తాడు. “మనం బర్దాష్త్ అంటాం,” అన్నాడు. 

“అదీ అంతే అబ్బా. వేరే వేరులో పుట్టిందే అయినా పారసీలో దానికి పైకెత్తి పట్టుకోవడమనే అర్థం.”

మామ తొడ చరుచుకున్నాడు. “అయితే ఎవురి భాషలో సూసినా ఎత్తుకొనేదే! బలే మాట తెచ్చినావు అమ్మణ్ణీ.” చేతికందిన దిమ్మలోంచి మామూలు కంటే పెద్ద ముక్క కొట్టి నాకిచ్చాడు. ఇచ్చి, మెల్లగా నాన్న వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో ఆ మెరుపు చూడగానే ఏం వస్తుందో నాకు తెలిసిపోయింది.

“ఈ లెక్కన సాయిబూ, ఈ మాట నీకు చెల్లదబ్బా. కిందికి పోయినావు, సరే. ఊర్లో ఎన్ని పాడెల కింద దూరినావో నీకే తెలవదు. కానీ మోసింది ఒగటీ ల్యా. సగం మాటే నీది.”

“నీకైతే అది కూడా ల్యా,” అన్నాడు నాన్న. “గద్దె మీంచి లేస్తే కదా.”

ముగ్గురం నవ్వుకున్నాం. మామకు నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుని, గొంతు మార్చి అన్నాడు: “సెప్తా ఉండా ఇను. నేను పోయినప్పుడు మాత్రం నువ్వు నిజంగా మొయ్యల్ల. కడ్డీ పట్టుకొనేది, తువ్వాలు మోసేది కుదరదు. నా బరువు నీ భుజానికి తెలవల్ల. నేను పైనుంచి సూస్తా ఉంటా.”

“నువ్వుండే బరువుకు నేను నేలలోకి దిగబడతా.”

“దిగబడు. మాట ఇయ్యి.”

నాన్న చేతిలోని రేకు ముక్క పక్కన పెట్టి, ఆయన అరచేతిలో అరచెయ్యి వేశాడు. ఇద్దరూ ఎగతాళికే చేశారు. కానీ నాన్న చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక పొద్దున నాన్న ఫోను చేశాడు. ఆయన ఉదయం పూట ఎప్పుడూ ఫోను చేయడు. “మీ మామ లేవలేదు,” అన్నాడు ఉర్దూలో. నిద్రలోనే పోయాడు. రాత్రి బాగా తిని, ఎవరినో తిట్టి, పడుకున్నాడట. నేను కాలేజీకి సెలవు చెప్పి అలిపిరి వైపు నుంచి వచ్చే ఆటో పట్టుకుని బస్టాండుకు పోయాను. బస్సులో కూర్చున్నాక, ఆ వారం మాట ఏదో ఆలోచించి పెట్టుకున్నానని గుర్తొచ్చింది. ఆ మాట ఏమిటో ఇప్పుడు ఎంత తలచుకున్నా జ్ఞాపకం రావడం లేదు. కానీ అప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో తెలియక కిటికీ వైపు తిరిగి చాలా ఏడ్చాను.

మామ ఇంటి ముందు షామియానా వేశారు. పలకలు కొట్టేవాళ్ళు వచ్చి నిప్పు సెగకు పలకలు కాచుకుంటున్నారు. నాన్న ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కాళ్ళు నేలకు సరిగ్గా ఆనకుండా. భుజాన కొత్త తువ్వాలు. తెల్లది, మందంది, ఇంకా గంజి వాసన పోనిది. పొద్దున్నే బట్టలంగడికి పోయి కొన్నాడని అమ్మ చెప్పింది. ఆ తువ్వాలు చూడగానే ఆయన మనసులో ఏముందో నాకు అర్థమైంది.

అప్పుడే వీధి మలుపులో వైకుంఠ రథం వచ్చి ఆగింది. పూల బొమ్మలు వేసిన వ్యాను. శ్మశానం ఊరికి ఆ చివర, ఈ మధ్య అందరూ దీన్నే పిలుస్తున్నారు.

నాన్న లేచి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక తలుపు చూశాడు, లోపల బల్ల చూశాడు, కింద చక్రాలు చూశాడు. మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఏమని అడుగుతాడు? అన్నను మోస్తానని నలుగురిలో అడిగితే, నీకు అందితే కదా అని ఎవరైనా ఒక్కరు అంటారు. ఆ మాట అనే హక్కు మామ ఒక్కడికే ఉండేది.

నాకు కోపం వచ్చింది. వ్యాను మీదో, నాన్న మీదో, ఇంత తొందరపడి పోయిన మామ మీదో తెలియదు. కోపంలో నాకు సిగ్గు ఉండదు. నేరుగా మామ పెద్దకొడుకు దగ్గరికి పోయాను. చిన్నప్పటి నుంచి తెలిసినవాడే, ఇప్పుడు మండీ చూసుకుంటున్నాడు. తలస్నానం చేసి తడి పంచెతో నిలబడి ఉన్నాడు.

“అన్నా, వ్యానులోనే తీసకపోతారా, మొత్తం?” అన్నాను.

“దూరం కదా పాపా. మోసేవాళ్ళు యాడుండారు ఈ కాలంలో?”

“మా నాయన ఉండాడు.”

అతను నా ముఖం చూశాడు, తర్వాత కుర్చీలో ఉన్న నాన్నను, ఆ కొత్త తువ్వాలును చూశాడు. మండీలో పెరిగినవాడు, ఆ ఎగతాళి అంతా విన్నవాడే. “శ్మశానం గేటు దాకా వ్యాను. గేటు కాణ్ణించి లోపలికి మోసుకొని పోదాం. మా నాయన కూడా నాతో అన్నాడు ఒగసారి,” అన్నాడు.

“ఏమని?”

“‘నేనెప్పుడూ అంటా ఉంటానే గాని, సాయిబుకు లోపల శానా బాధరా, అందదని,’ అన్నాడు.”

నేను పోయి నాన్న కుర్చీ పక్కన నిలబడ్డాను.

ఆడవాళ్ళు శ్మశానానికి పోయే అలవాటు వాళ్ళలో లేదు, మాలోనూ లేదు. కానీ వ్యానులో చోటు చాలలేదు, నాన్న అంత దూరం నడవలేడు, స్కూటీ నడపడానికి నేనొక్కదాన్నే ఖాళీగా ఉన్నాను. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. నాన్నను వెనక కూర్చోబెట్టుకుని, పలకల మోత వెనక, దారి పొడుగునా చల్లిన పూల, బొరుగుల మీదుగా, మెల్లగా పోయాను.

గేటు దగ్గర వ్యాను ఆపి పాడెను నేల మీద దించారు. దాన్ని దింపుడు కళ్ళం అంటారు. పోయిన మనిషిలో ఇంకా ప్రాణం ఉందేమో, పిలిస్తే పలుకుతాడేమో అని చివరిసారి చెవిలో పిలిచే చోటు అది. పెద్దకొడుకు వంగి, “నాయనా, నాయనా,” అని పిలిచాడు. పిలిచి ఆగి, చూసి, మళ్ళీ పిలిచాడు. మామ పలకలేదు. అప్పుడు అతను పక్కకు జరిగి, “మామా, నువ్వు కూడా ఒగసారి పిలూ,” అన్నాడు నాన్నతో.

నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, గోడవతల నుంచి టీకి పిలిచేటట్టు, “అన్నా,” అన్నాడు. అంతే. చెవి దగ్గర పెట్టిన ముఖం చాలాసేపు తీయలేదు.

మోయడానికి మండీ హమాలీలు ముందుకు వచ్చారు. బెల్లం బస్తాలు ఎత్తే మనుషులు, ఒక్కొక్కడూ గుంజలా ఉన్నాడు. ముగ్గురు మూడు మూలలు పట్టుకున్నారు. వెనక ఎడమ మూల ఖాళీగా ఉంచారు. నాన్న కొత్త తువ్వాలును మడతల మీద మడతలు పెట్టి, భుజాన వేసుకుని, పోయి నిలబడ్డాడు. ఆయన వెనకే ఇంకో హమాలీ, సాయానికన్నట్టు నిలబడి వెదురు చివర పట్టుకున్నాడు.

“గోవిందా, గోవింద!” అంటూ లేపారు.

పాడె లేచింది. లేచి, ఎప్పటిలాగే, మా నాన్నను దాటి పైకి పోయింది. వెనకున్న హమాలీ భుజం మీద వెదురు కూర్చుంది. నాన్న తువ్వాలుకూ దానికీ మధ్య ఖాళీలోంచి అవతల ఉన్న వేపచెట్టు నాకు కనబడింది. నాన్న చెయ్యి పైకెత్తి అరచెయ్యి వెదురుకు ఆనించాడు. నడక మొదలైంది. కొన్ని అడుగులు అట్లాగే నడిచాడు, మెడ సాగదీసి, మునివేళ్ళ మీద లేస్తూ. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, తిట్టడానికైనా ఎవరో ఒకరు దొరికేవాళ్ళు.

ముందు నిప్పు కుండ పట్టుకుని నడుస్తున్న పెద్దకొడుకు ఎందుకో వెనక్కి చూశాడు. ఆగాడు.

“ఆగండప్పా. దించండి. సాయిబు మామకు అందల్ల.”

వాళ్ళ బంధువుల్లో ఒక పెద్దాయనకు చిర్రెత్తింది. “అదేందిరా! కళ్ళం దాటినాక మళ్ళీ నేల మీద దించేది యాడన్నా ఉండాదా?”

“నేల మీద దించమనలా సిన్నాయనా. భుజాల మీంచి దించమంటా ఉండా. చేతుల్లో పట్టుకోండి, కిందికి.”

హమాలీలకు ఆ మాట రెండోసారి చెప్పే పని లేదు. బరువును ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తుకు దించాలన్నా వాళ్ళకు అలవాటే. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, “హా” అనుకుని, ముగ్గురూ ఒక్కసారే మోకాళ్ళు వంచారు. వెదురును భుజాల మీంచి జార్చి, గుండెల దగ్గర రెండు చేతులతో పొదివి పట్టుకున్నారు. నాన్న వెనకున్న హమాలీ వెదురు వదిలేసి పక్కకు తప్పుకున్నాడు. పాడె మెల్లగా కిందికి వచ్చింది. ఇంకా వచ్చింది. తువ్వాలుకు తగిలి ఒక వైపు ఒరిగింది. నాన్న గభాలున ఆ తువ్వాలు లాగి నా వైపు విసిరి, వట్టి భుజం పెట్టాడు.

వెదురు ఆ భుజం మీద కూర్చుంది.

నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. నాన్న మోకాళ్ళు కొద్దిగా వంగాయి. మెడ నరం లేచింది. నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. నేలలోకి దిగబడతాడేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. దిగబడలేదు. నిలదొక్కుకుని, వెదురును రెండు చేతులతో బిగించి పట్టుకుని, అడుగు వేశాడు. ఆ అడుగును బట్టి మిగిలిన ముగ్గురూ అడుగు వేశారు. నిటారుగా నడవడం తప్ప తెలియని మనుషులు, మోకాళ్ళు వంచి, పిరుదులు వెనక్కి పెట్టి, బాతుల్లా నడిచారు. వెనక వచ్చేవాళ్ళు కూడా ఎందుకో కొంచెం వంగి నడుస్తున్నట్టు నాకనిపించింది. గోవిందా అనడం మాత్రం ఎవరూ ఆపలేదు. నాన్న పెదవులు కూడా కదులుతున్నాయి. ఏమంటున్నాడో వినబడలేదు, తర్వాత నేను అడగలేదు.

“సాలా మామా?” అన్నాడు పెద్దకొడుకు కొంత దూరం పోయాక.

“ఇంగొంచెం,” అన్నాడు నాన్న.

మళ్ళీ కొంత దూరం పోయాక, “ఇయ్యి సామీ, నొప్పి పుడతాది,” అన్నాడు పక్కకు తప్పుకున్న హమాలీ.

“ఇంగొంచెం.”

చితి దాకా ఇవ్వలేదు.

అన్నీ అయ్యాక కొళాయి దగ్గర ఆయన చొక్కా పక్కకు లాగి చూశాను. భుజం మీద వెదురు కణుపు దిగిన చోట ఎర్రగా కమిలి ఉంది. నీళ్ళు పోయబోతే వద్దన్నాడు. నా చేతిలో తువ్వాలు ఇంకా మడత విప్పకుండానే ఉంది. ఇస్తే తీసుకుని, విప్పి, ముఖం తుడుచుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అంగళ్ళ వీధిలో స్కూటీ ఆపమన్నాడు. ఆయన అంగడీ మూసి ఉంది, మండీ మూసి ఉంది. మధ్యలో బల్ల ఖాళీగా ఉంది. దిగి, కుంటుకుంటూ పోయి, మండీ షట్టరు మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. మధ్యాహ్నం నిద్రపోతున్న మామను లేపడానికి ఎప్పుడూ కొట్టేటట్టే. ఇంట్లో మేము మాట్లాడుకునే ఉర్దూలో కాదు, మామతో మాట్లాడే తెలుగులో అన్నాడు:

“మోసినానన్నా. నిజంగా మోసినా. తువ్వాలు కూడా తీసేసినా. ఇంగ నన్ను ఎగతాళి చేసేదానికి ల్యా నువ్వు.”

గెలిచిన పిల్లాడి ముఖం పెట్టి అన్నాడు. అని, జవాబు కోసం ఆగాడు. అప్పుడు గానీ తాను అన్న మాట ఆయనకే తెలిసిరాలేదనుకుంటాను. షట్టరు మీద పెట్టిన చెయ్యి తీయకుండానే అక్కడి మెట్టు మీదికి జారి కూర్చున్నాడు. “ఇంగెవురు చేస్తారన్నా,” అని ఏడ్చాడు.

నేను స్కూటీకి స్టాండు వేసి, వెళ్ళి, ఆయన ఎడమ భుజం నొప్పి పుట్టకుండా కుడి వైపు కూర్చున్నాను.